బాలింత ఎలుగు, బిగిసిన కొబ్బరితాడు

ముందే ఒక నిజం చెప్పేస్తాను. అడవి శాఖలో ముప్పై ఏళ్ళు చేసిన ఉద్యోగంలో నాకు ప్రాణమైన పని ఒక్కటే: పెట్టె తలుపు తాడు లాగడం. లోపల ఎలుగుబంటో, కొండచిలువో, పునుగుపిల్లో ఉంటుంది. ఊళ్ళోకొచ్చి చిక్కుకుపోయినదాన్ని పట్టి, పెట్టెలో పెట్టి, అడవి అంచుకు తెచ్చి ఉంటాం. తాడు లాగుతాం, తలుపు పైకి లేస్తుంది, కాసేపు ఏమీ జరగదు. తరవాత లోపలున్నది బయటికొచ్చి, మనకో నమస్కారం పెట్టకుండా, కనీసం వెనక్కి తిరిగి చూడకుండా పోతుంది. అంతే. ఆ మాత్రం దానికే నాకు చక్కిలిగింతలు పెట్టినట్టయ్యేది. ఇప్పటికీ మా ఆవిడ కిటికీ తెర లాగమంటే ఒకడుగు వెనక్కి వేసి, పక్కకు తప్పుకుని లాగుతాను. ఆవిడ నవ్వదు. అలవాటైపోయింది.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. రిజిస్టర్లు ఎలా రాయాలో, ప్రమోషన్ ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్ళు ఆఫీసులో చాలామంది ఉన్నారు. నేను పెట్టె గురించి, దారి గురించి, తలుపు గురించి చెబుతాను. చేసిన తప్పులు కూడా చెబుతాను. రిటైరైనవాణ్ణి ఎవరూ సస్పెండ్ చెయ్యలేరు కదా.

నేను పెట్టెలో వెళ్ళిన రోజు

ఉద్యోగంలో చేరిన మొదటి నెల. మా రేంజరు గారు పొట్టి మనిషి, గొంతు మాత్రం పలాస స్టేషన్ నుంచి కాశీబుగ్గ దాకా వినిపిస్తుంది. ఎలుగుల కోసం కొత్తగా చేయించిన ఇనప పెట్టెను నాకు చూపించి అడిగారు.

“ఏటయ్యా, పెట్టె బాగున్నాదా?”

“చాలా బాగుంది సార్. గట్టిగా ఉంది.”

“అయితే నువ్వు లోపలికి దూరు.”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. దూరాను. తలుపు దించారు. పెట్టెను జీపు వెనక ట్రాలీలో పెట్టి మందస వైపు బయల్దేరదీశారు. ఎండాకాలం, పొద్దున్న పదిన్నర. అయిదు నిమిషాల్లో కింద ఇనప రేకు కాలడం మొదలైంది. కూర్చుంటే కాలుతుంది, నిలబడితే నెత్తికి తగులుతుంది. గతుకు వచ్చినప్పుడల్లా ఒక గోడ నుంచి ఇంకో గోడకు వెళ్ళి వస్తున్నాను. లోపలుండి వింటే లారీ హారన్ చెవుల్లో కాదు, పళ్ళల్లో మోగుతుంది.

దారిలో డ్రైవరు టీ తాగడానికి ఆపాడు. క్షణంలో జనం మూగారు. గాలి కోసం పెట్టిన కన్నంలోంచి ఎవడో పుల్ల పెట్టి పొడిచాడు. నేను మూలిగాను. “ఓలమ్మ, అచ్చం మనిసి మూలిగినట్టే మూలుగుతాంది,” అంది ఒక ముసలమ్మ. ఆమే జాలిపడి ఒక అరటిపండు కన్నంలోంచి లోపలికి తోసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, తిన్నాను. పేరు చెప్పి బయటపడొచ్చు కదా అంటారేమో. కొత్త ఉద్యోగం, లోపలున్నది నేనని తెలిస్తే పరువేం కావాలి.

మందసలో తలుపు తీసేసరికి చొక్కా తడిసి ముద్దయింది, తిన్న అరటిపండు బయటికొచ్చేసింది. రేంజరు గారు మంచినీళ్ళిచ్చి, “ఏటి నేర్సుకున్నావు?” అన్నారు. ఆ రోజు చెప్పిందే ఇప్పుడూ చెబుతాను. అడుగున ఎండుగడ్డి మందంగా పరవాలి. పైన గోనెసంచులు కప్పి, ఆరకుండా తడుపుతూ ఉండాలి. లోపల చీకటిగా ఉండాలి, గాలి కన్నాలు పుల్లకు అందని ఎత్తులో ఉండాలి. హారన్ వద్దు. టీ అసలే వద్దు. ఇంతకు మించిన శిక్షణ నాకు ఎవరూ ఇవ్వలేదు. ఇప్పటి అధికారులెవరైనా ఇలా చేస్తే గొడవైపోతుంది. కానీ వీలైతే మీరే ఎవరూ చూడకుండా ఒకసారి దూరి చూడండి.

పప్పు అడిగిన కోతులు

తెలివి ఎక్కువైనప్పుడు చేసిన పని ఒకటి చెబుతాను. పలాసలో జీడిపప్పు బట్టీల వీధిలో కోతుల బెడద ఎక్కువైంది. బోన్లు పెట్టి పట్టాం, సుమ్మాదేవి అవతల తోటల దగ్గర వదిలేశాం. నా వీపు నేనే తట్టుకున్నాను. పది రోజులు తిరక్కుండా అక్కడి రైతు ఒకాయన ఆఫీసుకొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

“బావా, మీ పలాస కోతులు మా మీద పడ్డాయి,” అన్నాడు చాలా ప్రశాంతంగా.

“కోతులకు ఊరి పేరు ఉంటుందా బావా? ఎక్కడివైనా కావచ్చు.”

“మావైతే జీడిపళ్ళు తింటాయి. ఇవి పప్పు అడుగుతన్నాయి. మా కాడ పిక్కలే ఉన్నాయి, ఒలిసి పెట్టేవోల్లు నేరు. ఇసిరి కొడతన్నాయి.”

నవ్వాపుకోలేక ఫైలు అడ్డం పెట్టుకున్నాను. ఆయన వెళ్ళాక నవ్వు రాలేదు. నేను చేసింది వదలడం కాదు, నా తలనొప్పిని పక్కింటి నెత్తిన పెట్టడం. ఆ జంతువు అక్కడ ఏం తింటుంది, అక్కడ ముందే ఉన్నవాళ్ళు ఏమంటారు అని అడక్కుండా పెట్టె ఎత్తకండి.

ఇంకోసారి పై అధికారి ఒకాయనకు ఆర్భాటం మీద మోజు కలిగింది. మూలపేట వైపు ఒక పాకలో దొరికిన కొండచిలువను ఒక పెద్దమనిషి చేత వదిలించాలన్నారు. షామియానా వేశారు, సంచి మూతికి రిబ్బను కట్టారు, కెమెరాలు వచ్చాయి. ఆయన రిబ్బను కత్తిరించారు. పాము కదల్లేదు. అరగంట నిలబడ్డారు, కదల్లేదు. టిఫిన్లకు పిలుపు రాగానే అందరూ అటు వెళ్ళారు, పాము ఇటు వెళ్ళింది. ఆ రోజు తీసిన ఫొటోలన్నిట్లో పెద్దమనిషి ఒక గోనెసంచి వైపు చాలా ప్రేమగా చూస్తూ ఉంటారు.

దాలమ్మ కొట్టుగది

ఇక అసలు సంగతి. జీడిపళ్ళు రాలుతున్న రోజులు, పనసపళ్ళు ముగ్గేసే రోజులు. కవిటి దగ్గర ఒక ఊరిలో దాలమ్మ అనే ఆవిడ ఉండేది, అరవైకి దగ్గరగా ఉంటుంది. ఆ రోజు వాళ్ళాయనకు డయాలసిస్. తెల్లారగానే ఆయన్ని బస్సెక్కించి పెరటి దారిన ఇంటికొచ్చేసరికి కొట్టుగది తలుపు తీసి ఉంది, లోపల ఎవరో గట్టిగా చప్పరిస్తున్నారు. గడ్డిలో పెట్టిన పనసపళ్ళ మధ్య ఎలుగు కూర్చుని ఉంది. ఆవిడ అరవలేదు, పరిగెత్తలేదు. తలుపు లాగి గొళ్ళెం పెట్టి, రుబ్బురోలు అడ్డంగా దొర్లించి, అప్పుడు మాకు ఫోన్ చేయించింది.

మేం వెళ్ళింది ముగ్గురం. నేను, టెక్కలి నుంచి వచ్చిన కుర్ర పశువుల డాక్టరమ్మ, వ్యాను డ్రైవరు అప్పలసామి. అప్పటికే ఊరు ఊరంతా అక్కడుంది. గోడల మీద, పెంకుల మీద, ట్రాక్టర్ మీద జనం. ప్రతి చేతిలో ఫోను. కొందరి చేతుల్లో కర్రలు, కత్తులు. వాళ్ళను తప్పుపట్టను. ఆ తోటల్లో ఎలుగుల చేతిలో దెబ్బతిన్నవాళ్ళున్నారు, ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. భయం నిజమైనది. దాన్ని వెక్కిరించే అధికారి ఈ పనికి పనికిరాడు.

డాక్టరమ్మ చీర కొంగు నడుముకి దోపి నిచ్చెనెక్కి, నాలుగు పెంకులు తీసి, పైనుంచి మత్తుసూది కొట్టింది. పావుగంటలో ఎలుగు పనసపండు మీదే తల వాల్చి పడుకుంది. వలలో వేసి, ఊరివాళ్ళతో కలిసి ఎనిమిదిమందిమి మోసుకొచ్చాం. మత్తు ఎంతసేపుంటుందో అన్న కంగారులో నేను “పెట్టెలోకి, పెట్టెలోకి” అంటూ తొందర పెడుతున్నాను. అప్పుడు దాలమ్మ జనాన్ని తోసుకుని వచ్చి, వంగి ఎలుగును చూసింది.

“బాబూ, ఆగండి. ఇది పాలిత్తన్న తల్లి.”

డాక్టరమ్మ పొట్ట కింద బొచ్చు పక్కకు తీసింది. తడిగా ఉంది. నొక్కితే పాలు వచ్చాయి.

“మరి గుంటడేడి?” అంది దాలమ్మ నా మొహంలోకి చూస్తూ.

పిల్ల ఏదని అడుగుతోంది. ఎన్నో ఎలుగుల్ని పట్టినవాణ్ణి. ఆడదా మగదా, పాలున్నాయా అని ముందు చూడాలని నలుగురికి పాఠం చెప్పేవాణ్ణి. ఆ రోజు చూడలేదు. దాలమ్మ రాకపోయి ఉంటే ఆ తల్లిని తీసుకుపోయి ఎక్కడో వదిలి, తాడు లాగి, చక్కిలిగింతలు పెట్టించుకుని ఇంటికొచ్చేసేవాణ్ణి.

ఇది మీకు బాగా తెలియాలి. ఎలుగు పిల్ల తల్లి వీపు మీద ఎక్కి తిరుగుతూ బతకడం నేర్చుకుంటుంది. ఏది తవ్వాలి, ఏ చెట్టెక్కాలి, ఎవరిని చూస్తే దాక్కోవాలి, అన్నీ ఆ వీపు మీంచే చూస్తుంది. తల్లి లేకుండా దొరికితే సీసాపాలు పట్టి పెంచొచ్చు. కానీ మనిషి చేతిలో పెరిగింది ఇక జూలోనే ముసలిదవుతుంది. అలాగని తల్లిని మర్నాటి దాకా ఆపలేం. ఆ ఎండలో, ఆ పెట్టెలో, ఆ కంగారులో గుండె ఆగిపోతుంది. సాయంత్రంలోపు పిల్ల దొరికితే రెండూ అడవికి వెళతాయి. దొరక్కపోతే ఒకటే వెళుతుంది.

పురిటి ఇంటి నిశ్శబ్దం

పిల్ల ఉందని తెలియగానే కర్రలు పట్టుకున్నవాళ్ళే కర్రలు పారేసి వెతకడానికి బయల్దేరారు. అది ఇంకా ప్రమాదం. వందమంది ఉత్సాహంగా తోటలో పడి “ఇటుగా, అటుగా” అని కేకలు. ఒకడు ఈలలు వేస్తున్నాడు. ఇంకొకడు ఫోన్లో ఎలుగు అరుపుల వీడియో పెట్టి చెట్టుచెట్టుకీ వినిపిస్తున్నాడు. భయపడిన పిల్ల ఎక్కడుంటే అక్కడే బిగుసుకుపోతుంది, కిక్కురుమనదు. నేను మైకు పట్టుకుని అరిచాను. నా మైకు వాళ్ళ గోలకు పక్కవాద్యం అయింది.

దాలమ్మ ఇవేమీ పట్టించుకోకుండా పెరట్లోకి వెళ్ళి వేపమండలు విరుచుకొచ్చింది. మా వ్యాను వెనక, అప్పటికే తల్లిని ఎక్కించిన పెట్టె ఎదురుగా, పురిటి గది గుమ్మానికి కట్టినట్టు వాటిని కట్టింది. తరవాత వీధిలోకి తిరిగి, గొంతు పెద్దగా పెంచకుండానే మాట్లాడింది.

“బాలింతున్న కాడ ఇలగేనా గోల? మీ ఇల్లల్లో ఎవులూ పురుడు పోసుకోనేదేటి? సెప్పులిప్పండి. ఫోన్లు జేబుల్లో ఎట్టండి. ఎక్కడోల్లు అక్కడ కూకోండి.”

నేను ఆశ్చర్యంతో చూస్తుండగా ముందు వరసలో ముసలివాళ్ళు చెప్పులు విప్పారు. ఆడవాళ్ళు గబగబా పిల్లల్ని దగ్గరకు లాక్కున్నారు. ట్రాక్టర్ ఆగింది. గోడల మీదివాళ్ళు దిగి కూర్చున్నారు. ఎలుగును చంపేస్తామన్నవాళ్ళు కూడా బాలింత అనేసరికి తల దించుకున్నారు. చట్టం పేరు చెప్పి నేను పదేళ్ళుగా చెయ్యలేకపోయిన పనిని ఆవిడ నాలుగు వేపమండలతో చేసింది. నాకు ఈర్ష్య కలిగింది, అంతకంటే ఎక్కువగా సంతోషం కలిగింది.

ఆ ఊళ్ళో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. కొబ్బరి మట్టలు ఒరుసుకునే చప్పుడు, దూరంగా సముద్రం. కాసేపటికి ఇంటి వెనక నుంచి సన్నగా ఒక మూలుగు. నేను, డాక్టరమ్మ మునివేళ్ళ మీద వెళ్ళాం. కొబ్బరి డొక్కల పోగు లోపల, పొడుగాటి ముక్కు, మట్టి కొట్టుకున్న మొహం, తన పాదాన్నే చప్పరిస్తూ ఒక గుంటడు. పట్టుకోబోతే చొక్కా చెయ్యి చింపేశాడు. నాకు ఆ క్షణంలో వాణ్ణి ముద్దు పెట్టుకోవాలనిపించింది. మీరు మాత్రం ఎప్పుడూ అలాంటి పని చెయ్యకండి.

వాణ్ణి తల్లి పెట్టెలో పెట్టలేదు. మత్తులో ఉన్న తల్లి వాడి మీదకు పొర్లితే నలిగిపోతాడు. వ్యానులో కోతుల బోను ఒకటి ఉంది. అందులో వేసి తల్లి పెట్టె పక్కనే పెట్టాం, వాసన తగిలేలా, మాట వినిపించేలా. బోను తలుపుకి తాడు లేదు. దాలమ్మ అరుగు మీద కొత్త కొబ్బరితాడు కనబడింది. ఉద్దానంలో పుట్టినవాడికి కొబ్బరితాడు మీదున్న నమ్మకం ఇంకో తాడు మీద ఉండదు. కొస లాగితే ముడి ఊడి తలుపు లేచేలా జారుముడి వేసి కట్టాను. పైన గోనెసంచులు కప్పి రెండు బిందెల నీళ్ళు పోశాను. నా రెండో తప్పు అదే, అప్పటికి నాకు తెలియదు.

డాక్టరమ్మ మత్తు విరుగుడు సూది వేసింది. బయల్దేరబోతుంటే దాలమ్మ సగం తిన్న పనసపండు తెచ్చింది.

“బాలింతను ఆకలితో పంపకూడదు బాబూ.”

“మత్తులోంచి లేచేదానికి పెట్టెలో తిండి పెట్టకూడదమ్మా, గొంతుకు అడ్డం పడుతుంది. దిగాక పెడతాం,” అంది డాక్టరమ్మ.

అప్పలసామి పండు తీసుకుని తన కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. “ఇద్దరూ అడివి సేరినాక కబురు సెయ్యండి. అందాకా ఈ ఈదిలో ఎవుల్నీ గట్టిగా మాటాడనివ్వను,” అంది దాలమ్మ.

కొండ అంచున

మందస దాటి కొండల కిందకు చేరడానికి మధ్యాహ్నమంతా పట్టింది. అప్పలసామి గుడ్లు మోస్తున్నట్టు నడిపాడు. క్యాబిన్ నిండా ముగ్గిన పనస వాసన. వెనక నుంచి గుంటడు కుయ్యిమంటే తల్లి గుర్రుమంటుంది. “పలుకుతాంది సారూ, పలుకుతాంది,” అని అప్పలసామి ప్రతిసారీ నాకు అనువాదం చేసినట్టు చెప్పేవాడు. డాక్టరమ్మ వెనకద్దంలోంచి చూస్తూ నవ్వుతూనే ఉంది. ముగ్గురికీ పూనకం పట్టినట్టుంది.

నీళ్ళున్న వాగు, దట్టమైన పొద చూసుకుని వ్యానును వెనక్కి తిప్పి ఆపాం. రెండు తాళ్ళూ క్యాబిన్ కిటికీలోంచి నా చేతికొచ్చాయి. రెండు తలుపులూ ఒకేసారి లేవాలి. తల్లి ముందు పోతే పిల్ల మిగిలిపోతుంది. పిల్ల ముందు పోతే ఎటు పోతుందో తెలియదు. ఊపిరి బిగబట్టి రెండు తాళ్ళూ లాగాను.

పెట్టె తలుపు లేచింది. బోను తలుపు లేవలేదు. దారి పొడుగునా గోనెసంచుల నీళ్ళు కారి కొబ్బరితాడు తడిసి ఉబ్బింది, జారాల్సిన ముడి రాయిలా బిగిసిపోయింది. తల్లి కిందకు దూకి పొదల వైపు నడిచింది. దారంతా ఏడ్చిన గుంటడు, తలుపు దడాలుమన్న చప్పుడుకి భయపడి నోరు మూసుకున్నాడు.

“అరవరా,” అన్నాను. వాడు అరవలేదు. తల్లి పొద దగ్గరికి చేరింది. ఇంకో పది అడుగులు వేస్తే కనబడదు.

అప్పలసామి నన్ను అడగలేదు. తన వైపు తలుపు తీసి, పనసపండును నేల మీద పల్లం వైపు దొర్లించాడు. అది దొర్లుకుంటూ వెళ్ళి పొదకు కాస్త ఇవతల ఆగింది. తల్లి ఆగింది. ముక్కెత్తింది. తిరిగి వచ్చి పండు ముందు కూర్చుంది.

డాక్టరమ్మ తన సంచిలోంచి ఆపరేషన్ బ్లేడు తీసి నా చేతిలో పెట్టింది. ఇంకో వైపు నుంచి దిగి, వంగి నడిచి, వ్యాను వెనకకు ఎక్కాను. ముడి కోయడం మొదలుపెట్టాను. పీచు పీచుగా తెగుతోంది, ఎంతకీ తెగదు. తల్లి చప్పరింపు నాకు వినిపిస్తూనే ఉంది. అలా ఎలుగు బయటుండగా వ్యాను దిగడం ఏ పద్ధతికీ ఒప్పు కాదు. నా కింద పనిచేసేవాడు దిగి ఉంటే మెమో ఇచ్చేవాణ్ణి. చివరికి తాడు తెగింది, తలుపు ఎత్తి నేను పెద్ద పెట్టె మీద, తడి గోనెల మీద బోర్లా పడుకున్నాను.

గుంటడు అంచు దాకా వచ్చి, కింద నేల చూసి, గట్టిగా ఒక్క అరుపు అరిచాడు.

తల్లి నోట్లో పనస తొనతోనే లేచింది. అంత సాహసం చేసి ఊళ్ళోకి వచ్చింది ఆ పండు కోసమే, దాన్ని అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చింది. నేను ఊపిరి తియ్యలేదు. అది నన్ను పట్టించుకోలేదు. గుంటడు దబ్బున కింద పడ్డాడు. తల్లి వాణ్ణి ముక్కుతో దొర్లించి, వాసన చూసి, ఇంకోసారి దొర్లించింది. వాడు వీపు మీదకు ఎక్కబోయి జారాడు. మళ్ళీ ఎక్కబోయి మళ్ళీ జారాడు. అప్పుడు ఆ తల్లి పొట్ట నేలకు ఆన్చి పడుకుంది, వాడు ఎక్కేదాకా అలాగే ఉంది. వాడు మెడ దగ్గర బొచ్చు రెండు చేతులా పట్టుకున్నాక లేచి, వాగు పక్క పొదల్లోకి వెళ్ళిపోయింది.

నేను పెట్టె మీంచి దిగేసరికి డాక్టరమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. అప్పలసామి స్టీరింగ్ మీద తల పెట్టి ఊగిపోతున్నాడు. నేనూ ఏడ్చాను. ఇందులో దాచుకోవడానికి ఏముంది?

కొండ దిగి, సిగ్నల్ వచ్చిన చోట వ్యాను ఆపించి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది దాలమ్మ. గుసగుసగా మాట్లాడింది.

“ఇద్దరూ ఎల్లారా బాబూ?”

“ఇద్దరూ వెళ్ళారమ్మా. వీపు మీద ఎక్కించుకుని వెళ్ళింది.”

ఆవిడ ఫోను పక్కన పెట్టినట్టుంది. ఎవరితోనో ఆ రెండు ముక్కలే చెప్పడం వినిపించింది. తరవాత పొద్దుట్నుంచి బిగబట్టుకున్న వీధి వీధంతా ఒక్కసారి నోరు విప్పింది. కేకలు, ఈలలు, పళ్ళేలు వాయించడం, ఎవరో ట్రాక్టర్ హారన్ నొక్కి వదలడం లేదు. నేను ఫోనును కాస్త దూరంగా పట్టుకుని, రోడ్డు పక్కన నిలబడి, చాలాసేపు విన్నాను.